గట్టి ఆకు

ముప్పై ఏడోది నలిగింది. బొటనవేలి గోరు కింద, మిరియపు గింజ పంటి కింద పగిలినంత చప్పుడు. ఆకు తిరగేస్తే ఇంకో రెండు, ఆవగింజంత పిల్లలు. గోరమ్మ వాటినీ వదల్లేదు.

నాలుగేళ్ళుగా ఇదే పని. అలంకరణ చేపలమ్మే దుకాణం వెనకగదిలో, తడి సిమెంటు నేల మీద పీట వేసుకుని కూర్చోవాలి. తోటల నుంచి వచ్చిన నీటిమొక్కల పెట్టెలు విప్పి, ఒక్కో మొక్కనీ ఆకు ఆకూ వెతికి, కనిపించిన నత్తని కనిపించినట్టు నలిపేయాలి. ఆ తరవాత మొక్కని మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళ బకెట్లో ముంచి తీయాలి. కంటికి ఆననివి అందులో చస్తాయి. తొట్టిలో ఒక్క నత్త కనబడితే కొనేవాళ్ళకి ఒళ్ళు మంట. నెల తిరిగేసరికి వందవుతాయని. గోటితో బతికే మనిషి కాబట్టి దుకాణంలో అందరికీ ఆమె గోరమ్మే. అసలు పేరుతో పిలిస్తే ఆమే పలకదేమో.

ఇవాళ మాత్రం మొదటి పెట్టె విప్పగానే కొన్ని మొక్కలు తీసి, బకెట్‌కి ఆమడ దూరంలో, చెవి విరిగిన మగ్గులో దాచింది. అవి కూతురి నత్తలకి.

పగలంతా నత్తల్ని చంపే మనిషి ఇంట్లో నత్తలేమిటంటే, ఆరునెలల కిందట ఒకటి సంచి అడుగున అంటుకుని ఇంటిదాకా వచ్చింది. ఏడేళ్ళ కూతురు దాన్ని తీసి పెద్ద గాజు జాడీలో వేసుకుంది. ఒకటి ఐదయ్యాయి. తండ్రి వదిలేసిపోయిన ఇంట్లో, తల్లి పనినుంచి వచ్చేదాకా పిల్లకి అవే మనుషులు.

పోయినవారం ఐదు మూడయ్యాయి. నీళ్ళు మారుద్దామని గోరమ్మ జాడీలో చెయ్యి పెట్టింది. గోళ్ళ సందుల్లో నీలం మిగిలి ఉందన్న ధ్యాసే లేదు. నత్తకి గోరంత మైలుతుత్తం కొండంత విషం. పొద్దున్నకి రెండు అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి.

"నువ్వే చంపేశావు" అంది పిల్ల. అన్నం తిననంది. మళ్ళీ అదే మాట అంది. గోరమ్మ చేతిలో గరిటె ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. చెయ్యి లేస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పిపోలేదు. గరిటె తగిలి పిల్ల కనుబొమ్మ చీలి, కంట్లోకి నెత్తురు కారింది. మూడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో "తలుపు తగిలిందండీ" అని గోరమ్మ అంటే, పిల్ల తల్లి మొహం ఒకసారి చూసి "అవును, తలుపే" అంది. కొట్టినప్పుడు ఏడవని గోరమ్మ ఆ మాటకి వరండాలోకి వెళ్ళి ఏడ్చింది.

కబురు తెలిసి అక్క వచ్చింది. పిల్లలు లేని మనిషి, పొరుగూళ్ళో దర్జీపని.

"అమ్మ మనిద్దర్నీ ఎలా బాదేదో మర్చిపోయావా?"

"మర్చిపోలేదక్కా."

"మరి?"

గోరమ్మ పిల్ల విడిచిన గౌను తీసి మడతపెట్టసాగింది.

"శనివారం వస్తా" అంది అక్క. " నీ దగ్గరే ఉంటానని అది నోరు తెరిచి చెబితే, నా దారిన నేను పోతా. లేదంటే నాతో తీసుకెళ్తా. ఎత్తుకుపోయానని తరవాత ఏడవకు."

ఇవాళే శనివారం.

తొట్లు కడిగే తాత వెనకగదిలోకి వచ్చాడు. చేతిలో వలబుట్ట, అందులో చచ్చిన చేప. "ముందుగదిలో పెద్దచేప దీని రెండు కళ్ళూ పీకేసింది. తినడానికి కూడా కాదు. ఊరికే" అంటూ చెత్తడబ్బాలో పడేశాడు. మగ్గు వైపు తొంగిచూశాడు.

"ఏం మొక్కలే అవి?"

"నత్తలున్న జాడీలోకి తాతా. చూసిపెట్టు."

తాత పండిన తాంబూలంలా ఎర్రగా మెరుస్తున్న మొక్కని వేళ్ళతో పైకెత్తాడు. "ఇదెందుకు? అందంగా ఉందనా? లేత ఆకు. పెద్ద నత్తయితే రెండురోజుల్లో ఈనెలు మిగులుస్తుంది." పక్కన పెట్టేశాడు. ముదురాకుపచ్చగా, తోలులా ఉన్న ఇంకో మొక్క, అనూబియాస్‌ని తీసి ఆకు కొసని నోట్లో పెట్టుకున్నాడు. ఉన్న నాలుగు పళ్ళతో కొరికి చూశాడు. "ఇది పట్టుకెళ్ళు. నేను నమల్లేనిది నత్త కూడా నమల్లేదు."

"నీ పళ్ళతో తూకం వేస్తే రాళ్ళు తప్ప ఏదీ పనికిరాదు."

"రాయి కూడా కావాలే. దీని దుంపని ఇసకలో పాతావా, కుళ్ళిపోతుంది. దారంతో రాయికి కట్టు. ఆకు మీద పాచి పడుతుంది, నత్తలు పాచిని గీక్కుతింటాయి, ఆకు జోలికి పోవు. ఈ తేలే కుచ్చుమొక్క ఒకటి పైన పడెయ్. నీళ్ళు బాగుంటాయి." వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించాడు. "బకెట్లో ముంచలేదుగా?"

"చచ్చినా ముంచను."

మధ్యాహ్నం ముందుగదిలో గాజు పగిలింది. ఎవరో కొన్నాయన మొక్కల సంచిని కౌంటరు మీదకి విసిరాడు. పక్కనున్న చిన్న తొట్టి కిందపడి ముక్కలైంది. "నత్తలుండవన్నావు కదరా! చూడు, గుడ్లతో సహా ఉన్నాయి!" చొక్కా పట్టుకోవడం, తోపులాట, నేల మీద చేపలు ఎగిరెగిరి కొట్టుకోవడం. ఆయన వెళ్ళాక ఓనరు అదే తడిమొక్కల కట్టతో వెనకగదిలోకి వచ్చి, దాంతోనే గోరమ్మ చెంప మీద బలంగా కొట్టాడు. రెండోసారి కొట్టాక అన్నాడు: "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?"

చెంప మీంచి బురదనీళ్ళు మెడలోకి జారాయి. అతను వెళ్ళాక గోరమ్మ తదుపరి పెట్టె విప్పింది. ఒక్కొక్కటిగా నలపలేదు. గుప్పెట్లోకి దూసి, పిడికిలి బిగించి నులిమింది. పెంకులు అరచేతిలో దిగి నెత్తురొచ్చేదాకా నులిమింది. అత్త మీద కోపం దుత్త మీద. ఈ కోపం ఇంటిదాకా నడిచొస్తే ఎక్కడ దిగుతుందో ఆమెకి తెలుసు. అందుకే ఇంకో పెట్టె విప్పింది. ఇంకోటి. ఉన్నదంతా ఇక్కడే ఖర్చయిపోవాలని.

పని దిగే వేళకి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బుతో, ఉప్పుతో, ఆఖర్న ఇటుకముక్కతో గోళ్ళు రుద్దింది.

"తోలు ఊడుతుందే" అన్నాడు తాత.

"ఊడనీ."

ఇంటికి వెళ్ళేసరికి ఎండ ఇంకా గోడ మీదే ఉంది. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. పిల్ల కిటికీ దగ్గర, జాడీ పక్కన. కనుబొమ్మ మీద కుట్ల నల్లదారాలు మూడు చీమల్లా ఉన్నాయి.

గోరమ్మ సంచి విప్పింది. పిల్ల మొదట మెడ చాపింది. తరవాత దగ్గరికి వచ్చింది.

"బకెట్లో ముంచావా?"

"లేదు."

"చేతులు?"

గోరమ్మ చేతులు చాపి చూపించింది. పిల్ల ఒక్కో గోరూ పరీక్షగా చూసి, "ఎర్రగా ఉన్నాయి. నీలం లేదు" అని ఒప్పుకుంది.

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. అక్క తన సంచిలోంచి తెల్లదారం తీసిచ్చింది. పిల్ల రాయి పట్టుకుంటే తల్లి అనూబియాస్‌ని దాని మీద ఆనించి చుట్టింది. రెండు ముళ్ళు పిల్లే వేసింది. తాత పళ్ళ సంగతి చెబితే కిలకిలా నవ్వింది. "తాతని జాడీలో వేస్తే పాచి తింటాడా?" అంది. అక్క కూడా నవ్వింది. రాయిని నీళ్ళలో దించారు. పెంకు అంచు విరిగిన నత్త, పిల్ల దాన్ని సొట్టది అంటుంది, అన్నిటికన్నా ముందు ఆకెక్కింది.

అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏమ్మా మరి? అమ్మ దగ్గర ఉంటావా, నాతో వస్తావా?"

పిల్ల జాడీని ఒళ్ళోకి తీసుకుంది. "ఉంటాను" అంది.

పిల్ల జుట్టులో తేలేమొక్క తునకొకటి చిక్కుకుని ఉంది. తీద్దామని గోరమ్మ చెయ్యి ఎత్తింది.

పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. మెడ భుజాల్లోకి దిగిపోయింది. కాళ్ళు ముడుచుకుని, జాడీని పొట్టకింద దాచుకుని, దాని మీదకి వంగిపోయింది. దెబ్బ వీపు మీద పడేలా.

పడలేదు. పిల్ల ఒక కన్ను తెరిచింది. చెయ్యి గాల్లో ఆగి ఉంది, వేళ్ళ మధ్య ఏమీ లేదు.

"ఊరికే" అని నవ్వబోయింది పిల్ల. "ఊరికే అలా చేశానమ్మా."

గోరమ్మ చెయ్యి దించుకుంది. ఒళ్ళో పెట్టుకుని, రెండో చెయ్యి దాని మీద మూతలా పెట్టింది.

"అక్కా, దాని పుస్తకాలు ఆ మంచం కింద సంచిలో ఉన్నాయి. కుట్లు మంగళవారం విప్పించాలి."

"నేను ఉంటానన్నానుగా" అంది పిల్ల.

"అన్నావు. నేనే పంపిస్తున్నా."

"ఎన్నాళ్ళు?"

"ఈ చెయ్యి ఎత్తినా నువ్వు కళ్ళు మూసుకోకుండా ఉండేదాకా." అది ఎన్నాళ్ళో గోరమ్మకీ తెలియదు. "ప్రతి ఆదివారం వస్తా. గుమ్మం దగ్గరే కూర్చుంటా."

అక్క లేచి మంచం కింది సంచి తీసింది. బట్టలు మడిచింది. పిల్ల జాడీ ఎత్తబోయి, బస్సు కుదుపులు గుర్తొచ్చి మళ్ళీ కిటికీలో పెట్టేసింది.

"వీటికి నువ్వు కావాలి" అంది. "కడుక్కోకుండా ముట్టుకోకు."

"ముట్టుకోను."

"పిల్లలు పెడతాయి. చిన్నచిన్నవి. చూడకుండా చెయ్యి పెడితే నలిగిపోతాయి."

"చూస్తాను."

వీధి మలుపులో బస్సు ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు వినిపించాయి. గోరమ్మ లేవలేదు. కిటికీలో జాడీ, జాడీలో రాయి, రాయికి చిన్నచేతులు వేసిన రెండు తెల్లముళ్ళు; గట్టి ఆకు మీద సొట్టనత్త ఒక కొమ్ము బయటపెట్టి, కాసేపాగి, రెండోది పెట్టింది.