తొందరపడ్డ పార

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో వచ్చిన వరద పోయిన నలభై ఆరో ఏడు, అజూసా ఊళ్లో చుక్క వాన లేదు. ఇంటి ముందు పచ్చిక తీసేసి, నీళ్లు అడగని సేజ్ మొక్కలు వేస్తే నీళ్ల ఆఫీసు డబ్బిస్తానంది. ఆ డబ్బు రాకపోతే ముసలి యూసేబియో మొక్కలు కొనలేడు. అయినా ఆగలేక పార దించాడు.

"ఆగవయ్యా!" భార్య ఒఫీలియా అరిచింది. "ఆఫీసు వాళ్లొచ్చి బతికున్న పచ్చికను ఫోటో తీయకముందే తవ్వితే సెంటు కూడా రాదట. కాగితం చదవవు, తవ్వుతావు!"

అతను లేచిన పెళ్లను మళ్లీ గుంటలో పెట్టి కాలితో అదిమాడు.

మధ్యాహ్నం వచ్చిన ఆఫీసు అమ్మాయి ఆ అతుకు దగ్గర ఆగింది. "ఇదేంటి తాతా?"

"తొందర," అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. "పచ్చగానే ఉందిలెండి," అని ఫోటో తీసి, అనుమతి రాసిచ్చింది.

మర్నాడు పొద్దున్నే అతను ఆ పెళ్లనే ముందు లేపాడు.