గాలి గొట్టం పెట్టిన ఆదివారం

ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే ఆయనకి ఆ ఏడాదంతా ఒకచోట కాలు నిలవలేదు. ఇంట్లో ఉంటే కారు దగ్గరికి పోవాలనిపించేది. పోతే దాన్ని తీసి రోడ్డెక్కాలనిపించేది. రోడ్డెక్కితే రెండు మలుపులు తిరక్కుండానే వెనక్కి వచ్చేయాలనిపించేది. భార్య చూసి చూసి, "కాలుగాలిన పిల్లి మీకన్నా నయం, కాసేపైనా పడుకుంటుంది" అనేది. ఆమె బడిలో ఆటల టీచరు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసే గొంతు ఆమెది. ఇంట్లో మాత్రం మామూలుగానే మాట్లాడేది. ఈ మధ్య అదీ తగ్గించింది.

కారంటే మామూలు కారు కాదు. ఆయన పుట్టకముందు తయారైన, ఇద్దరే పట్టే, పైకప్పు మడిచే ఎర్ర స్పోర్ట్స్ కారు. ఎవరిదో కోళ్ళషెడ్డులో తుప్పుపట్టి పడుంటే, ఆయనా బావమరిదీ కలిసి మూడేళ్ళు దాని మీద పడి ఒక దారికి తెచ్చారు. బావమరిది మెకానిక్, సొంత షెడ్డు ఉంది. పాత కారులో అసలు వస్తువు ఒక్క మర అయినా మార్చాలంటే వాడికి ప్రాణం పోయినంత పనవుతుంది.

ఏడాదిగా ఆయనకి ఒకటే అనుమానం, కారులో దమ్ము తగ్గిందని. మొదట్లో యాక్సిలరేటర్ అదిమితే వేగం పెరిగేకొద్దీ ఇంజన్ సన్నగా, తీగ లాగినట్టు కూసేది. ఆ కూతకి ఒళ్ళు ఝల్లుమనేది. ఇప్పుడది లేదు. పరిగెడుతుంది, కానీ గొంతు పట్టేసిన మనిషిలా పరిగెడుతుంది.

"ప్లగ్గులు చూశాను. కార్బ్యురేటర్లు విప్పి కడిగాను. నాలుగు సిలిండర్లూ కొలిచాను. గుండ్రాయిలా ఉంది బావా" అన్నాడు బావమరిది.

"మరి నాకలా ఎందుకనిపిస్తోంది?"

"అది నన్నడిగితే నేనేం చెప్పను?"

అప్పుడు ఆయన ఫోన్‌లో ఓ బొమ్మ చూపించాడు. తళతళలాడే అల్యూమినియం గొట్టం, దాని చివర శంఖంలాంటి ఎర్ర ఫిల్టరు. అసలున్న నల్ల ఫిల్టరు డబ్బా పీకేసి ఇది బిగిస్తే ఇంజన్‌కి గాలి ధారాళంగా అందుతుందట, బలం పెరుగుతుందట.

బావమరిది చేతులు తుడుచుకుంటూ చూశాడు. "ఈ ఇంజన్ పీల్చేదే గుక్కెడు గాలి. ముక్కు పెద్దది చేసినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరుగుతాయా? పైగా మన నల్ల డబ్బా రేడియేటర్ ముందునుంచి చల్లగాలి తెచ్చుకుంటుంది. ఈ శంఖం ఇంజన్ పక్కనే కూర్చుని వేడిగాలి తాగుతుంది. వేడిగాలిలో సరుకుండదు. చప్పుడు మాత్రం బాగా చేస్తుంది. చప్పుడు వింటే బలం పెరిగిందనిపిస్తుంది, అంతే."

ఆ మాట పెడచెవిన పెట్టి ఆయన గొట్టం తెప్పించుకున్నాడు. శనివారం బావమరిది సామాను కోసం బయటికెళ్ళిన సమయం చూసి షెడ్డులోకి దూరి బిగించబోయాడు. ఇంజన్ పక్కనున్న రేకు అడ్డొచ్చింది. రెండు నిమిషాలు నిలబడ్డాడు. చేతులు ఊరుకోలేదు. డ్రిల్లు తీసి ఆ రేకుకి అరచేయంత గుండ్రటి బొక్క పెట్టేశాడు.

బావమరిది తిరిగొచ్చి ఆ బొక్క చూసి కేకలెయ్యలేదు. అదే ఆయనకి మరీ కష్టంగా తోచింది. వాడు వేలు పెట్టి అంచు తడిమి, "ఈ రేకు నేను మూడు వారాలు సాపు చేశాను" అన్నాడు. వేలు తుడుచుకుని, "సరే బావా, రేపు తేల్చేద్దాం. అక్కని స్టాప్‌వాచ్ తెమ్మను" అన్నాడు.

ఊరి బయట తిన్నగా గుట్టెక్కే రోడ్డొకటి ఉంది. ఆదివారం పొద్దున అక్కడ పురుగు కూడా కదలదు. కింద మొదట్లో బావమరిది గుడ్డముక్క పట్టుకుని నిలబడ్డాడు. అది కిందికి దించగానే కారు కదలాలి, పైన అక్క గడియారం నొక్కాలి. ఆమె ఉన్నచోట రాళ్ళ క్వారీ నుంచి ఓ మట్టిదారి రోడ్డులో కలుస్తుంది. "ఏదైనా వస్తే విజిల్ ఊదుతాను. వినగానే ఆపెయ్యండి" అంది ఆమె. మెడలో బడి విజిలుంది.

ముందు నల్ల డబ్బాతో మూడుసార్లు ఎక్కించాడు. ముప్పై ఎనిమిది సెకన్లు, ముప్పై ఎనిమిది, ముప్పై ఏడున్నర. కొత్తలో ఇదే రోడ్డు మీద కొలిచిన లెక్క కూడా ఇదేనని బావమరిది నోటుబుక్కు తీసి చూపించాడు. ఆయన దాన్ని సరిగా చూడనైనా లేదు. రోడ్డు పక్కనే బానెట్ ఎత్తి ఇద్దరూ గొట్టం బిగించారు.

గొట్టంతో మొదటిసారి ఎక్కుతుంటే ఆయన ప్రాణం లేచొచ్చింది. ముందునుంచి ఓ గర్జన పొట్టలోకి దిగింది. సీటు వణికింది. రోడ్డు తన్నుకుంటూ వెనక్కి పోయినట్టనిపించింది. పైన ఆపి, "ఎంత?" అన్నాడు.

"ముప్పై ఎనిమిది."

"సరిగ్గా నొక్కావా?"

"పాతికేళ్ళుగా నొక్కుతున్నానండీ" అంది ఆమె.

రెండోసారి ముప్పై తొమ్మిది దాటింది. బానెట్ ఎత్తి గొట్టం ముట్టుకుంటే చెయ్యి కాలింది. వెధవది వేడిగాలి తాగుతోందని ఆయనకీ తెలిసిపోయింది. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. "ఇంకొక్కసారి" అన్నాడు.

మూడోసారి యాక్సిలరేటర్ మీద నిలబడినంత పని చేశాడు. సగం పైకొచ్చాక దూరంగా భార్య రెండు చేతులూ ఊపడం కనిపించింది. ఉత్సాహపరుస్తోందనుకున్నాడు. ఇంకాస్త తొక్కాడు. మట్టిదారిలోంచి రాళ్ళ ట్రాక్టరు మూతి బయటికొచ్చింది. బ్రేకు మీద కాలు ఎలా పడిందో ఆయనకి తెలీదు. కారు అడ్డంగా తిరిగి, ట్రాక్టరు చక్రానికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి నోటికొచ్చిన నాలుగూ అని పోయాడు.

"విజిల్ ఊదుతానన్నావుగా" అన్నాడు ఆయన.

"నాలుగుసార్లు ఊదాను."

బావమరిది రొప్పుతూ గుట్టెక్కి వచ్చాడు. "కిందున్న నాకే వినబడింది. ఈ గాలి గొట్టం మోతలో నీకు వినబడలేదు. ఇది దండగని నే ముందే మొత్తుకున్నాను. రేపు పీకి పారేస్తాను. వచ్చే ఆదివారం నల్ల డబ్బాతోనే వద్దాం. అక్క ఇక్కడే నిలబడి విజిల్ ఊదుతుంది, హాయిగా వినబడుతుంది."

ఆయన తలూపాడు. తప్పు గొట్టం మీదకి పోయింది. అంతకన్నా తేలిక దారి ఇంకోటి లేదు.

కానీ ఆ తర్వాత రెండు రోజులూ ఆయనకి అన్నం సహించలేదు. ఆసుపత్రిలో చెవి పరీక్ష గదికి బయటి చప్పుడు రాకుండా దూది గోడలు, రెండు తలుపులు. రోజూ పొద్దున రోగులు రాకముందు, పరీక్ష చేసేవాళ్ళే హెడ్‌ఫోన్లు పెట్టుకుని యంత్రం సరిగ్గా పలుకుతోందో లేదో విని సంతకం చెయ్యాలి. ఆయన ఏడాదిగా వినడం మానేశాడు. దీపం వెలిగితే చాలని సంతకం పెట్టేస్తున్నాడు. ఎందుకు మానేశాడో తనని తాను అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం, తనతో పాటు పనిచేసే అమ్మాయిని పిలిచి, "ఒకసారి నాకు చెయ్యమ్మా" అని రోగుల కుర్చీలో కూర్చున్నాడు. చప్పుడు వినబడగానే నొక్కాల్సిన మీట చేతిలో పెట్టుకున్నాడు. లావు శబ్దాలన్నీ విన్నాడు. తర్వాత నిశ్శబ్దం. అద్దం అవతల అమ్మాయి వేలు కదులుతూనే ఉంది. ఆయన చేతిలో మీట కదల్లేదు. వేలు కదిలినప్పుడల్లా నొక్కేసి గట్టెక్కొచ్చని ఓ క్షణం అనిపించింది. కళ్ళు మూసుకున్నాడు.

అమ్మాయి కాగితం తెచ్చి పక్కన కూర్చుంది. గీత సగందాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి, సన్న శబ్దాల వైపు, మెట్లు తప్పినట్టు కిందికి జారింది. రెండు చెవులకీ అంతే. ఇంజన్ సన్న కూత, విజిలు, అన్నీ ఆ జారిన చోటే ఉన్నాయి.

సాయంత్రం తిన్నగా షెడ్డుకెళ్ళాడు. భార్య కూడా అక్కడే ఉంది, తమ్ముడితో ఏదో మాట్లాడుతోంది. ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు.

"గొట్టం తప్పేం లేదు. అది లేకపోయినా నాకు విజిల్ వినబడి ఉండేది కాదు. కారు తప్పూ లేదు. నా చెవులే పోతున్నాయి. ఏడాదిగా నాకు తెలుసు, తెలీనట్టున్నాను."

బావమరిది కాగితం వైపు, ఆయన వైపు చూశాడు. స్పానరు తుడవడం మొదలెట్టాడు.

భార్య మాత్రం, "అంటే, నేను వంటింట్లోంచి పిలిస్తే పలక్కపోవడం..." అని ఆగింది.

"వినబడలేదు."

"నా మాట మీ చెవికెక్కడం లేదనుకున్నాను. ఇన్నాళ్ళ కాపురం తర్వాత నాతో విసుగొచ్చిందనుకున్నాను. అందుకే పిలవడం మానేశాను." తర్వాత కోపం వచ్చింది. "ఊరందరి చెవులూ చూస్తారు. ఆ ట్రాక్టరుకి గుద్దుకుని ఉంటే నేనేం కావాలి?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకుందామని ముందుకొచ్చాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు. కాసేపటికి ఇచ్చింది.

గొట్టం ఆ వారమే దిగిపోయింది. బావమరిది రేకు బొక్కకి ముక్క కోసి అతికించాడు. ఆయన పక్కన నిలబడి దీపం పట్టుకున్నాడు. అతుకు తెలుస్తూనే ఉంటుందని బావమరిది చెప్పాడు, ఆయన తెలియనీ అన్నాడు.

నెల తర్వాత చెవి యంత్రాలు పెట్టుకుని భార్యతో కలిసి కారు తీశాడు. పది నిమిషాలు వెళ్ళాడో లేదో పక్కకి ఆపేశాడు. డాష్‌బోర్డు కిరకిరలాడుతోంది, తలుపు గీపెడుతోంది, కుడి చక్రం దగ్గర ఏదో టిక్కుటిక్కుమంటోంది. ఇన్ని రొదలేమిటని కంగారుపడి అక్కణ్ణుంచే బావమరిదికి ఫోన్ చేసి ఒక్కొక్కటీ ఏకరువు పెట్టాడు.

"అవన్నీ మొదటినుంచీ ఉన్నవే బావా. నువ్వు వింటున్నావు కదా అని నేను చెప్పలేదు" అన్నాడు వాడు.

ఆయన ఫోన్ పెట్టేసి స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తూ కూర్చున్నాడు. తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది, ఎప్పటిలాగే. పక్కన భార్య మెల్లగా, మామూలు గొంతుతో, "నీళ్ళు తాగుతారా?" అంది.

"ఇటివ్వు" అని తాగి, ఆయన కారు ముందుకే పోనిచ్చాడు.