ఆవులు దూరని గేటు

ఆ పార్కు గేటు కట్టింది నేనే. రెండుసార్లు కట్టాను. మొదటిసారి తప్పుగా కట్టి ఊరందరి మెప్పు పొందాను. రెండోసారి ఒక ఆడపిల్ల చేత మాట పడి సరిగ్గా కట్టాను.

నా పేరు చిన్నప్ప. మాది కంబదూరు పక్క. పన్నెండెకరాల మెట్ట ఉంది. దాన్ని నమ్ముకుని వరసగా మూడేళ్ళు వేరుశనగ వేశాను. వేసిన విత్తనం కూడా తిరిగి ఇంటికి రాలేదు. ఇక లాభం లేదని ఈ నేతగాళ్ళ ఊరికి వచ్చి చిన్నచిన్న కాంట్రాక్టు పనులు మొదలుపెట్టాను. నాకు ముక్కు మీద కోపం. వాన మీద చూపలేని కోపం ఎక్కడో ఒకచోట పడాలి కదా, నాది దిక్కులేని ఆవుల మీద పడింది.

దానికి కారణం ఉంది. 2001లో నేతగాళ్ళ కాలనీ పార్కులో నలభై మొక్కలు నాటించాను. వేప, బాదం, నిద్రగన్నేరు. ఆ తర్వాత రెండేళ్ళు ఊరు వాన ముఖం చూడలేదు. ట్యాంకరు నీళ్ళు మనుషులకే చాలని రోజులవి. నేను ఇల్లిల్లూ తిరిగి, బియ్యం కడిగిన నీళ్ళైనా పోయండమ్మా అని అడుక్కుని ఆ మొక్కల్ని బతికించుకున్నాను. అదే సమయంలో మేత లేక జనం ఆవుల్ని ఊరి మీదికి వదిలేశారు. మేకలకైతే వెనక కాపరి ఉంటాడు, కేకేస్తే తోలుకుపోతాడు. వదిలేసిన ఆవుకు ఎవరి మీద కేకెయ్యాలి? ఊరంతా గోడల మీది సినిమా పోస్టర్లు పీక్కు తిని, చివరికి పచ్చగా కనిపించే నా మొక్కల దగ్గరికి వచ్చేవి. ఇనుప గేటు పెడితే జనం వేయరు. వేసినా ఆవు తలతో తోసేస్తుంది.

అందుకని గేటు పీకేసి, ఆ సందులో రొమ్మెత్తు బండలు రెండు, ముందొకటి వెనకొకటి, పాతించాను. మనిషి ఒళ్ళు అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి దూరాలి. ఆవు ఆ మలుపు తిరగలేదు. పొట్ట ఉన్నవాళ్ళు కాస్త తిట్టుకున్నారు కానీ, నలభై మొక్కలూ బతికాయి. పార్కు కమిటీ పెద్ద నాగన్న నాకు శాలువా కప్పాడు. ఆ బండలంటే నాకు ఎంత గర్వమంటే, అటువైపు పనున్నా లేకపోయినా ఓసారి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి.

2004లో పార్కు బాగు చేయడానికి నిధులు మంజూరయ్యాయి. పని నాకే వచ్చింది. సిమెంటు బెంచీలు, తాగునీటి కొళాయి, మరుగుదొడ్డి, నడిచే దారి, దీపాలు. కాగితంలో అన్నిటికంటే కింద ఒక వరుస ఉంది: వికలాంగులు వచ్చిపోవడానికి వాలుదారి. పార్కు నేల రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు, మూడు మెట్లు ఉంటాయి. నేను ఆ మెట్ల పక్కనే వాలు కట్టించి, పైన నున్నటి తాడిపత్రి బండ పరిపించాను. మా ఇంటి వరండాకు కూడా అంత మంచి బండ వేయించుకోలేదు. చూసినవాళ్ళంతా ముఖం కనిపిస్తోందన్నారు.

ఆ వాలు ఎక్కి నేరుగా ఎక్కడికి పోతారు? నా రెండు బండల దగ్గరికి. ఆ సంగతి నాకు తట్టలేదు, నాగన్నకు తట్టలేదు, పొద్దున్నే నడకకు వచ్చే యాభై మందిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ కరువు చూసిన కళ్ళకు బండలు లేని పార్కు అనేది ఊహకు కూడా రాదు.

పని పూర్తయి, కొబ్బరికాయ కొట్టే రోజున హేమావతి వచ్చింది. అప్పటికి ఇరవై ఏడేళ్ళు ఆమెకు. మూడో ఏట జ్వరం వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. అన్న ఓబిలేష్ మగ్గం నేస్తాడు, ఈమె ఇంట్లో కూర్చుని అతనికి నూలు కండెలు చుడుతుంది. అంతకాలం ఆమె కాళ్ళు వాళ్ళమ్మ అంజనమ్మే. బడికి వీపున మోసింది, తిరునాళ్ళకు మోసింది. సాయంత్రం ఐదింటికి మగ్గాలు ఆపి ఆడవాళ్ళంతా పార్కులో చేరితే, అక్కడికీ మోసింది. నా బండల మధ్య కూతుర్ని వీపున వేసుకుని ఒళ్ళు తిప్పుకుంటూ దూరేది. మోచేతులు రెండూ గీరుకుపోయేవి. నేను చూశాను, చూసి కూడా ఏమీ అనుకోలేదు. ఆ ఏడాది అంజనమ్మ నడుము పట్టేసింది. బిందె కూడా ఎత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి ఇద్దరూ పార్కుకు రావడం మానేశారు. ఈ మధ్యే హేమావతికి చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి వచ్చింది. వాలు కట్టారని ఎవరో చెబితే, ఇక అమ్మ మొయ్యకుండానే వెళ్ళొచ్చని బయల్దేరింది.

బండి వాలు ఎక్కింది. బండల ముందు ఆగింది.

నాగన్న చూసి, "రాండప్పా, తలా ఒక చెయ్యి పట్టండి, బండితో సహా ఎత్తి లోపల పెడదాం" అన్నాడు. మావాళ్ళకు సాయమంటే ఎత్తడమే. నలుగురు పరుగున వచ్చారు, నేనూ పంచె ఎగ్గట్టాను.

హేమావతి చక్రాలు గట్టిగా పట్టుకుంది. "ఎవరూ ముట్టుకోవద్దండి. నేను ఎత్తించుకునేకి రాలేదు."

"ఇంకెట్ల పోతావు పాపా?" అన్నాను.

"అది నువ్వు చెప్పల్ల చిన్నప్పన్నా. వాలు కట్టింది నువ్వే, బండలు పాతింది నువ్వే."

జనం ముందు నాకు తల కొట్టేసినట్టయింది. "బండలు తీస్తే ఆవులొస్తాయి. ఈ చెట్లు ఎట్ల బతికించినానో నీకేం తెలుసు?"

"తెలుసు. మా ఇంట్లో గూడా కడుగునీళ్ళు అడిగినావు, మా అమ్మ ఇచ్చింది. ఆవు రాకూడదని కట్టినావు, సరే. ఆవూ నేనూ ఒకటేనా నీకు?"

నేను ఎగ్గట్టిన పంచె దించేసుకున్నాను.

బండి వెనకే వచ్చిన అంజనమ్మ ముందుకు జరిగి, "పోనీలే పాపా, ఈ ఒక్క తూరి నేను ఎత్తుకుంటా" అని వంగింది. వంగుతూనే నడుము పట్టుకుంది.

"నువ్వు ఎత్తితే నేను ఇంటికే పోతా" అని హేమావతి బండి తిప్పేసింది. వాలు దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఇక్కడ కొబ్బరికాయ కొట్టారు, ప్రసాదం పంచారు.

ఇంటికి పోయి అరిచాను. ఆ పిల్లకు ఎంత పొగరు, ఈ జనానికి ఎంత చేసినా ఇంతే, ఇక ఈ పనులే చెయ్యను. నా భార్య రామసుబ్బమ్మ నా కంచంలో సంగటి పెడుతూ, "కూటి ముందర బండల గురించి అరవద్దు. ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేముండాది?" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆమెకు మాటలు తక్కువ, అందుకే నాకు భయం.

మర్నాడు ఓబిలేష్ ఇంటికి వెళ్ళాను. నిజం చెబుతున్నాను, ఇంకో నాలుగు మాటలు అందామనే వెళ్ళాను. ఓబిలేష్ మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. పక్కన అరుగు మీద హేమావతి కండెలు చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"కూచో అన్నా. నిన్న ఇంటికొచ్చినంక నేనూ ఆలోచన చేసినా. ఆవులు లోపలికొస్తే నాకు గూడా నష్టమే. ఈ ఊర్లో అంత నీడ ఇంక యాడుండాది?"

తిట్టాలని వచ్చినవాడికి అంతకంటే ఇబ్బంది ఉండదు. కూర్చున్నాను.

"మా అన్న చేతి దిక్కు చూడు" అంది. ఓబిలేష్ పైనుంచి వేలాడే తాడు లాగాడు, నూలు మోసే నాడె ఈ చివరినుంచి ఆ చివరికి పరిగెత్తింది. మళ్ళీ లాగాడు, ఇటు వచ్చింది. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. "గేటు పెట్టు. రెండు పక్కలకీ తెరుసుకునేట్ల పెట్టు. తాడు లాగితే గొళ్ళెం పైకి లేయల్ల. నేను లాగి, ముందు చక్రంతో తోసుకుని పోతా. వదిలితే బరువుకు గేటు దానంతట అదే మూసుకోవల్ల, గొళ్ళెం పడల్ల. ఆవు తలతో తోయగలదు. తాడు లాగేకి దానికి చేతులు యాడివి?"

ఈ ఊరు వచ్చినప్పటినుంచీ మగ్గాలున్న ఇళ్ళు చూస్తున్నాను, ఆ తాడు ఒక్కసారీ నా బుర్రకు ఎక్కలేదు.

"ఇంగోటి" అంది. "నీ వాలు మీద నునుపు బండ పరిస్తివి. నిన్న ఎక్కేతప్పుడు బండి రెండు తూర్లు వెనక్కి జారింది. అమ్మ పట్టుకునింది, మీరెవరూ చూళ్ళేదు."

ఆ బండను అంటే మాత్రం నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "అంతకన్నా మంచి బండ జిల్లాలోనే లేదు" అన్నాను.

"బండి వాకిట్లో ఉండాది. కూచోని ఎక్కి చూడు."

పంతానికి పోయి ఎక్కాను. యాభై దాటిన మనిషిని, తెల్ల పంచెతో, ఆ బండిలో వీధంతా తిప్పుకుంటూ పోతుంటే మగ్గాలు ఆగిపోయాయి, జనం అరుగుల మీదికి వచ్చి నవ్వారు. పార్కు వాలు సగం కూడా ఎక్కలేదు. చేతులు పీకాయి, చక్రం జారింది, వెనక్కి వచ్చి ఎదురుగా ఉన్న కుళ్ళాయప్ప వెల్డింగు షాపు గుమ్మానికి తగులుకున్నాను. కుళ్ళాయప్ప నవ్వు ఆపుకుని, "ఏమన్నా, లైసెన్సు ఉండాదా?" అన్నాడు. ఆ తర్వాత మనుషుల్ని పెట్టి బండిని బండల మీదుగా ఎత్తించి, లోపల కూడా తిరిగి చూశాను. కొళాయి నా తలకంటే పైన ఉంది. మరుగుదొడ్డి తలుపులో బండి రెండు వేళ్ళంత తేడాతో పట్టలేదు. నా చేత్తో నేను కట్టినవే అవి. కూర్చుని చూస్తే ఒక్కటీ పనికి రాలేదు.

బండి తిరిగి ఇచ్చేసి, "అన్నీ మళ్ళీ కడతా పాపా" అన్నాను.

నాగన్న ఒప్పుకోలేదు. బండలు తీస్తే చెట్లు పోతాయని, నేను మొన్నటిదాకా అన్న మాటలే నాకు అప్పజెప్పాడు. "ఒక్క ఆవు దూరినా ఆ గేటు కాడ నేనే కాపలా ఉంటా" అన్నాను. బండలు పీకించాను. పడేయబుద్ధి కాక కొళాయి కింద పరిపించాను. కొళాయి కిందికి దించాను, తలుపు వెడల్పు చేశాను. వాలును పొడుగ్గా సాగదీసి, తాడిపత్రి బండ మీద ఉలితో అడ్డంగా గాట్లు కొట్టించాను. ఆ ముఖం కనిపించే బండ మీద ఉలి పడుతుంటే చూడలేక అటు తిరిగి నిలబడ్డాను.

కుళ్ళాయప్ప గేటు చేశాడు. గొళ్ళానికి నార తాడు కట్టి, లోపలా బయటా వేలాడదీశాం. రెండో రోజుకే బయటి తాడు మాయమైంది. ఒక ఎర్రావు గేటు ముందు నిలబడి చివరి జానెడు నములుతోంది. కరువులో పెరిగిన ఆవుకు నార తాడూ మేతే. నేనంత రైతునై ఉండి అది మరిచిపోయాను. తాడు తీసి గొలుసు వేశాం. ఎర్రావు వచ్చి గొలుసు నాకి చూసింది, గేటును తలతో తోసింది. గొళ్ళెం కదల్లేదు. నాగన్న అక్కడే ఉండి చూసి, ఇంటికి వెళ్ళిపోయాడు.

ఈసారి కొబ్బరికాయ లేదు. సాయంత్రం ఐదు దాటాక హేమావతి వచ్చింది, వెనక అంజనమ్మ. బండి వాలు ఎక్కింది, జారలేదు. హేమావతి గొలుసు లాగింది. గొళ్ళెం లేచింది. ముందు చక్రంతో తోసి లోపలికి పోయింది. గేటు ఆమె వెనకే మూసుకుంది. లోపల వేపచెట్టు కింది ఆడవాళ్ళు గోల చేస్తూ జరిగి చోటిచ్చారు.

అంజనమ్మ బయటే నిలబడిపోయింది. బండి తోయడానికి చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. కాసేపటికి తనే గొలుసు లాగి లోపలికి వచ్చింది. కొళాయి దగ్గర నేను కనిపిస్తే ఆగింది.

"ఇరవై నాలుగేళ్ళప్పా" అంది. "యాడికి పోయినా బరువుతోనే పోయినా. ఈ పొద్దు ఊరికే నడిచి వచ్చినా. నీకు పుణ్యముంటాది."

"పుణ్యం నాది కాదమ్మా, నీ కూతురిది. ఆ పిల్ల అనకుంటే తప్పు గేటే కట్టి, శాలువా కప్పుకుని సచ్చేవాణ్ణి" అన్నాను. హేమావతి దగ్గరికి వెళ్ళి అదే మాట చెబుదామనుకున్నాను కానీ, ఆమె అక్కడ ఎవరి పెళ్ళి చీర గురించో గట్టిగా వాదిస్తోంది.

అంజనమ్మ బెంచీ మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, తీసి పక్కన పెట్టుకుంది. పావుగంట అయ్యాక లేచింది.

"పాపా, నాకు ఇంట్లో పనుండాది, నేను పోతాండా" అని కేకేసింది. "నువ్వు నిదానంగా రా."

మళ్ళీ వచ్చి మోసుకుపోయే పని లేకుండా కూతుర్ని ఒకచోట వదిలి ఆమె ఇంటికి పోవడం అదే మొదలు. హేమావతి తల తిప్పకుండానే చెయ్యి ఊపింది. అంజనమ్మ గొలుసు లాగి బయటికి వెళ్ళింది. నాలుగడుగులు వేసి ఆగి, గేటు ఊచల మధ్య నుంచి కూతురి వైపు చూసింది. హేమావతి ఇటు చూడలేదు, చీర గొడవలోనే ఉంది. అంజనమ్మ నవ్వుకుంది, కొంగు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది.