తెర లేవలేదు

తణుకులో ఒక పెద్ద వ్యాపారి కొడుకు పెళ్లికి ఎల్‌ఈడీ తెర కడుతుండగా లోవరాజు నడుము విరిగింది.

అంతకుముందు వాన పడి నేల మెత్తబడింది. ఇనుప స్తంభాల కింద చెక్క దిమ్మలు వెయ్యాలని పనివాళ్లలో పెద్దవాడు చిట్టియ్య అన్నాడు. “టైము లేదు, లేపండెహె,” అన్నాడు కాంట్రాక్టర్ ఉదయభాస్కర్. గొలుసులతో తెరను పైకి లాగుతుంటే ఒక స్తంభం బురదలో దిగబడింది. తెర ఒరిగింది. అడుగు వరసలో ప్యానెళ్లు బిగిస్తున్న లోవరాజు దాని కింద పడిపోయాడు.

అందరూ కలిసి ఎత్తి, అతన్ని బయటికి లాగారు.

“కాళ్లు తెలీట్లేదు బాబాయ్,” అన్నాడు లోవరాజు చిట్టియ్యతో.

“ఇద్దరు ఆస్పత్రికెళ్లండి. మిగతావాళ్లు పని చూడండి. ముహూర్తానికి స్క్రీన్ వెలగాలి,” అన్నాడు ఉదయభాస్కర్.

వెలిగింది. ప్యానెళ్ల మీది నెత్తురు తుడిచిన గుడ్డ తోటి పనివాడు వీరబ్రహ్మం చేతిలో ఉండగానే పెళ్లికూతురి నవ్వు తెరంతా పరుచుకుంది.

ఆస్పత్రి మెట్ల దగ్గర ఉదయభాస్కర్ చిట్టియ్యను ఆపాడు. “బైకు మీంచి పడ్డాడని చెప్పు. పని దగ్గరంటే కేసవుద్ది. నేను మునిగితే మీరేం తింటారు?”

చిట్టియ్య ఆస్పత్రిలో అలాగే చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు? రాజమండ్రిలో ఉదయభాస్కర్ గోడౌను వెనక రేకుల గదుల్లోనే వాళ్లందరి కాపురాలు. తెరలు, మైకులు, లైట్లు అద్దెకిచ్చే యజమానులందరిదీ ఒకటే వాట్సాప్ గ్రూపు. ఎదురు తిరిగినవాడి ఫొటో అందులో పడితే అమలాపురం నుంచి భీమవరం దాకా ఎవడూ పనిలో పెట్టుకోడు. గోడౌను గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వెళ్లడానికే చోటు లేదు.

లోవరాజు ఇక నడవలేడన్నారు డాక్టర్లు. అతని భార్య నూకరత్నం లేబర్ ఆఫీసుకి వెళ్లింది. ఆస్పత్రి కాగితాల్లో బైకు ప్రమాదమని ఉంది, తామేం చెయ్యలేమన్నారు వాళ్లు. తిన్నగా గోడౌనుకి వచ్చింది. పెట్టెలు సర్దుతున్న మగవాళ్ల మధ్య నిలబడింది.

“మా ఆయనకి బైకుందా? మీలో ఎవరన్నా చూశారా?”

తలలు వంచుకుని అందరూ పెట్టెల మూతలు బిగిస్తున్నారు.

“మాట్టాడరేంటండీ?”

“ఏం మాట్టాడమంటావక్కా?” చంద్రరావు విసుక్కున్నాడు. “నోరిప్పితే రేపే గది ఖాళీ చెయ్యమంటాడు. పిల్లల్ని పట్టుకుని ఎక్కడికి పోను?”

“ఆయన కూడా అలాగే అనుకున్నాడు తమ్ముడూ. ఇప్పుడు మంచం మీంచి ఎక్కడికి పోతాడు?”

వీరబ్రహ్మం రెండు వేళ్లు లేని చెయ్యి చాపాడు. “ఇవీ బైకు మీంచి పడే పోయాయని చెప్పాను. నాకు సైకిలే రాదు.”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. చంద్రరావు చొక్కా గుండీలు విప్పాడు. భుజం నుంచి మోచేతి దాకా కరెంటు కాల్చిన మచ్చ. పక్క గదివాడికి కూడా తెలియదు ఆ సంగతి.

“ఎవడి దెబ్బ వాడు దాచుకున్నాం,” అన్నాడు చిట్టియ్య. “అందుకే ఇంతమందిమి ఉండి కూడా ఆయన ముందు ఒంటరోళ్లమే. లోవరాజు విషయంలో నేనన్న అబద్ధం నేనే వెనక్కి తీసుకుంటా. కేసు రాసేదాకా మనం ఎవరం తెర లేపొద్దు.”

“మనం మానేస్తే వేరేవాళ్లు లేపుతారు,” అన్నాడు చంద్రరావు.

“వాళ్లూ మనలాంటోళ్లే. అడుగుదాం,” అంది నూకరత్నం.

గోదావరి గట్టు పక్క మైదానంలో మంత్రిగారి సభకి తెర కట్టే పని వచ్చింది. సభ రోజు పొద్దున్నే పెట్టెలు దించి, వాటి చుట్టూ కూర్చున్నారు. లోవరాజుకి పని దగ్గరే దెబ్బ తగిలిందని కేసు రాయాలి, వైద్యం యజమాని చేయించాలి, దిమ్మలూ సేఫ్టీ బెల్టులూ లేకుండా ఎవరూ తెర ఎత్తరు. అంతే అడిగారు.

ఉదయభాస్కర్ బతిమాలాడు, తిట్టాడు, చివరికి సీఐని తీసుకొచ్చాడు.

“మంత్రిగారి సభరా ఇది. లేస్తారా, లోపలెయ్యమంటారా?”

“కేసు రాయండి బాబూ, లేస్తాం,” అన్నాడు చిట్టియ్య.

అతన్ని రెక్క పట్టి జీపులోకి తోశారు. ఈలోగా కాకినాడ నుంచి వేరే పనివాళ్లతో లారీ వచ్చింది. నూకరత్నం దానికి అడ్డంగా నిలబడింది.

“అన్నా, మా ఆయన నడుము విరిగింది ఈ తెర కిందే! రేపు మీరు పడితే మీ చేతా బైకనే చెప్పిస్తారు!”

ఆమెనీ లాక్కెళ్లారు. లారీ మీది మనుషులు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. వాళ్ల మేస్త్రీ కిందికి దిగి, వీరబ్రహ్మం చెయ్యి పట్టుకుని చూశాడు. వెళ్లి పెట్టెల పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే దిగారు. షామియానా కుర్రాళ్లు కూడా తాళ్లు వదిలేశారు.

మంత్రి తెర లేకుండానే మాట్లాడి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఉదయభాస్కర్ రేకుల గదులకు తాళాలు వేయించాడు. గిన్నెలు, బట్టలు, పిల్లల పుస్తకాలు రోడ్డున పడ్డాయి. వాటి మధ్య మంచం మీద లోవరాజు.

“ఇక పోగొట్టుకోడానికేముంది?” అన్నాడు చంద్రరావు. మంచం కోడు పట్టుకున్నాడు. కాకినాడ మేస్త్రీ రెండో పక్క పట్టాడు. ట్రాఫిక్ మధ్యలోంచి మోసుకుంటూ వెళ్లి, చిట్టియ్యనీ నూకరత్నాన్నీ ఉంచిన పోలీస్ స్టేషన్ వాకిట్లో దించారు.

కానిస్టేబుల్ గేటు మూయబోయాడు. మంచం అడ్డంగా ఉంది.

“రాసుకోండి సార్,” అన్నాడు లోవరాజు, పడుకునే. “తెర పడింది నా మీద. తణుకులో. చూసినోళ్లంతా ఇక్కడే ఉన్నారు.”

అతని వెనక రోడ్డు మీద మనుషులు వచ్చి కూర్చుంటూనే ఉన్నారు.