గుండీలో లెన్స్

మనుషుల ముఖాలకంటే చీమల ముఖాలే నాకు బాగా గుర్తుంటాయి. బొమ్మనహళ్ళిలో నేను మెకానిక్‌గా ఉన్న బట్టల ఫ్యాక్టరీలో, మా లైనులో డెబ్భైమంది కుడతారు. ఆరేళ్ళుగా వాళ్ళ మిషన్లు బాగుచేస్తున్నాను. పేర్లు తెలిసింది పదిమందివి.

దగ్గరి ఫోటోలు తీసే కెమెరా కొనే స్తోమత నాకు లేదు. మొదట ఫోను మీద నీటిబొట్టు పెట్టి చూశాను. చెయ్యి కదిలితే బొట్టు జారిపోయేది. తర్వాత పిల్లలు ఆడుకునే లేజర్ లైటులోంచి లెన్స్ పీకి తలపిన్నుకు బిగించాను. మధ్యలో తప్ప అంతా మసక. చివరికి పాడైన డీవీడీ ప్లేయరు విప్పితే మినపగింజంత లెన్స్ దొరికింది. దాన్ని పట్టి ఉంచేది ఏదైనా కావాలి. పోయిన వారం మా లైనులో కుట్టే అక్కయమ్మ మిషన్ కింద నూనె తుడుస్తుంటే గోధుమరంగు పెద్ద గుండీ ఒకటి కనిపించింది. నడిమధ్య డ్రిల్లుతో బెజ్జం చేసి లెన్స్‌ను అందులో ఇరికించాను. గుండీని రబ్బరు బ్యాండుతో ఫోనుకు కట్టి నా గది కిటికీలో చీమను చూశాను. దాని కన్ను జల్లెడలా ఉంది. ఈ లెన్స్ వస్తువుకు దాదాపు ఆనేటంత దగ్గరకు వెళ్ళాలి. అంత దగ్గరకు వెళ్తే ఫోను నీడే దానిమీద పడుతుంది. పక్కనుంచి టార్చి వేసి ఊపిరి బిగపట్టాలి. ఆ కాసేపూ నాకు ఎవరిమీదా కోపం ఉండదు.

మిగతా వేళల్లో ఉంటుంది, ముఖ్యంగా మా ఫ్లోర్ ఇన్‌చార్జి వెంకటగిరియప్ప మీద. గేటు బయట టీ బంకు దగ్గర నా చీమ ఫోటో చూసిననాటి నుంచి నన్ను చీమల డాక్టరంటాడు. అన్నప్పుడల్లా లైను నవ్వుతుంది. ఎవరెవరు నవ్వారో మాత్రం నాకు గుర్తుంటుంది.

మంగళవారం పొద్దున ఉతికి తెచ్చిన టీషర్టుల్లో ఇరవైకి పైగా చిల్లులు పడ్డాయి. అన్నీ మెడకుట్టు పక్కనే, అన్నీ అక్కయమ్మ కుట్టినవే. బట్టను లాగి కుడుతోందని వెంకటగిరియప్ప తేల్చేశాడు. పని మానేస్తున్నట్టు మధ్యాహ్నంలోగా రాసిచ్చి వెళ్ళమని ఆమె ముందు తెల్లకాగితం పెట్టాడు. యాభై దాటిన టైలరును ఇంకో ఫ్యాక్టరీ గేటు దాటనివ్వదు. ఆమె ఏడవలేదు. తప్పు సూదిదని ఒక్క మాట మీదే నిలబడింది. అతను ఆమె మిషన్‌కు వేలాడే సూది తనిఖీ కార్డు తెంపి తెచ్చి నన్ను పిలిచాడు.

"ఏమప్పా చీమల డాక్టరూ, శనివారం సూది చూసినాను, బాగుండాది అని సంతకం పెట్టింది నువ్వే కదా?"

నేనేనన్నాను. నాకు లోపల సంతోషం వేసింది. సూదులు అతని బీరువాలోంచే వస్తాయి. టీషర్టు బట్టకు గుండ్రటి మొన సూది వాడాలి, చొక్కా బట్టకు వాడి మొనది. అతను ఒకదానికి బదులు ఇంకొకటి ఇచ్చుంటాడని నా మనసు అప్పటికే తీర్పు చెప్పేసింది. ఏ మొనో చెప్పే నంబరు సూది మొదట్లో చెక్కి ఉంటుంది, మామూలు కంటికి ఆనదు. ఫోనులు గేటు దగ్గరే పెట్టి రావాలి, సూది ఫ్లోరు దాటకూడదు. కానీ బట్టల ఫ్యాక్టరీలో జేబులో గుండీ ఉంటే ఎవరడుగుతారు? నా సంతోషంలో అక్కయమ్మ ఎక్కడా లేదు.

సూది ఊడదీసి ట్యూబులైటు కింద గుండీని కంటికి ఆనించి చూశాను. నంబరు సరిగ్గానే ఉంది. మెల్లగా మొన వైపు జరిపాను. మొన పక్కకు వంగి, తుమ్మకొమ్మ మీది ముల్లులా లేచి ఉంది.

ముల్లు. శనివారం ఆమె అన్న మాట అదే. "ముల్లు ఉండాదప్పా, చూడు" అంటూ బొటనవేలి గోరు చాపింది. ట్రైనింగులో మాకు దీన్ని బర్ అని నేర్పారు. ఆమె ముల్లంటే పత్తి ముల్లు ఏదో బట్టలో వచ్చిందనుకున్నాను. కటింగ్ వాళ్ళకు చెప్పుకో అక్కా అని, వంగి చూడకుండా కార్డు మీద సంతకం గీకాను. ఆమె గోరు మీద ఏముందో నేను చూడలేదు. సూదిని గోరు మీద గీస్తే చాలు, ముల్లుంటే తెల్లగా గీత పడుతుంది. దీనికి ఏ లెన్సూ అక్కర్లేదు.

నా పనిముట్ల పెట్టెలో గరుకు కాగితం ఉంది. రెండు రుద్దులు రుద్దితే మొన నున్నగా అవుతుంది. చెయ్యి అటు వెళ్ళింది కూడా. సరైన పేరుతో చెప్పలేకపోయిందా అని ఆమె మీద కోపం వచ్చింది. ఆ క్షణంలో వెంకటగిరియప్ప మీదకంటే ఆమె మీదే ఎక్కువ.

"ఇటు తే" అని అతను గుండీ, సూది లాక్కున్నాడు. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"నా రెప్పల వెంట్రుకలే కనిపిస్తా ఉండాయి. ఇదాప్పా నీ మిషను?"

లైను నవ్వింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. సూది బాగుందని అతనూ అన్నట్టే. కానీ ఆ నవ్వు నేను భరించలేకపోయాను. నిజం చెప్పాలనిపించి కాదు, నా లెన్స్ అబద్ధం చూపలేదని చెప్పాలనిపించి నోరు విప్పాను.

"గోరు మీద గీసి చూడండి సార్."

గీశాడు. తెల్లటి చార పడింది.

"ముల్లుండాది. శనివారమే చెప్పింది. నేను చూళ్ళేదు" అన్నాను.

అతను అక్కయమ్మ ముందున్న కాగితాన్ని వేలితో నా వైపు నెట్టాడు. ఆమెను మిషన్ మీదకు పొమ్మన్నాడు. పొద్దుటినుంచి అన్న మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. ఆమె కదల్లేదు. అతని చేతిలోని గుండీ తీసుకుంది.

"ఇది నా స్వెట్టర్ది. వారం నుంచీ ఎతుకుతా ఉండా."

ఆమె స్వెట్టరుకు ఛాతీ దగ్గర పిన్నీసు పెట్టి ఉంది. అప్పుడే చూశాను. ఆమె బొటనవేలితో లెన్స్‌ను నెట్టేసింది. అది కాగితం మీద పడి దొర్లింది. గుండీని వెలుతురుకు ఎత్తి ఆ బెజ్జంలోంచి చూసింది.

"దీంట్లో దారం నిలబడదు" అని, అయినా దాన్ని కొంగున ముడేసుకుని మిషన్ దగ్గరకు వెళ్ళిపోయింది.

నేను లెన్స్‌ను పక్కకు జరిపి వెంకటగిరియప్పను పెన్ను అడిగాను.

"అదీ నేనే ఇయ్యల్లా?" అన్నాడు.