కిందింటి పిన్ని దగ్గు

ఆ ఇంట్లో ఆదివారం పొద్దున్నే మొదలైన గొడవకు కారణం వింటే మీకు నవ్వొస్తుంది. కూతురు తన కాలేజీ నాటకం వీడియోను ఇంటి కంప్యూటర్లో పెట్టబోతే, అందులో చోటు లేదని తేలింది. అంతే, చోటంతా ఎవరు తినేశారన్న విచారణ మొదలైంది.

"ఇంకెవరు, నాన్నే. ఒకే పిల్లికూనకి గంపెడు ఫోటోలు తీశారు. అన్నిట్లోనూ అది నిద్రపోతూనే ఉంది" అంది కూతురు. నోరు ఒక్క నిమిషం ఊరుకోదని ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు.

"ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా పడుకుందే! చూసే కళ్ళుండాలి" అన్నాడు తండ్రి. మోటార్లు బాగుచేసే మెకానిక్ ఆయన. పాడైన మరను పారేయాలంటే ఆయనకు ప్రాణం ఒప్పదు.

"మరి నాయనమ్మ పాటలో?" అంది కూతురు.

"నా పాటల జోలికొచ్చారంటే మర్యాద దక్కదు. నేను పోయాక వింటారని పాడి పెట్టాను" అంది పెద్దావిడ.

"ఉండగానే వింటున్నాం కదమ్మా. అడక్కపోయినా, రోజూ" అన్నాడు ఆవిడ కొడుకైన ఆ తండ్రి.

వంటింట్లోంచి ఇల్లాలు గరిటెతో సహా బయటికొచ్చింది. "ఎందుకా అరుపులు? పక్కింటివాళ్ళు పంచాయితీకొస్తారు" అంది. ముగ్గురూ ఒక్కసారి ఆవిడ వైపు తిరిగారు. వాదులాడుకునేవాళ్ళకు మూడో మనిషి దొరికితే ఎక్కడలేని ఐకమత్యం వస్తుంది. అసలు చోటంతా ఆక్రమించింది ఆవిడ ఫైళ్ళేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పేశారు.

తీర్పు తప్పేం కాదు. డాక్టర్లు రోగిని చూశాక, కనుగొన్నదంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ మాటలు విని, రిపోర్టుగా టైపు చేసి పంపడం ఆవిడ పని. ఏ ఆఫీసులోనూ ఉద్యోగి కాదు. కిటికీ పక్కన బల్ల, చెవులకు హెడ్‌ఫోన్లు, సొంత బాధ్యత మీద తెచ్చుకున్న పని. మందు మోతాదులో చుక్క తేడా రానివ్వదని ఊళ్ళో ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఆవిడకే పంపుతారు. వాళ్ళలో పెద్ద డాక్టరు మాటలు సగం మీసాల్లోనే ఇంకిపోతాయి. ఏ మాట అర్థం కాకపోయినా, ఆయన అదే మాట ఇదివరకు ఎలా పలికారో పాత రిపోర్టు తెరిచి పోల్చుకోవడం ఆవిడ అలవాటు. అందుకని టైపు చేసిన ఏ రిపోర్టునూ, విన్న ఏ రికార్డునూ చెరిపేది కాదు. వెతకడానికి తేలిగ్గా ఉంటుందని ప్రతి ఫైలుకూ రోగి పేరే పెట్టేది, ఇంటిపేరుతో సహా. ఆ ఒక్క సౌకర్యంలోనే ప్రమాదం కూర్చుని ఉందని ఆవిడకు తోచలేదు. మంచి పనివాళ్ళకు పని బాగా రావడమే కొన్నిసార్లు కళ్ళకు గంతలు కడుతుంది.

"నువ్వు వంట చూసుకో. నేను సర్దుతాలే" అని భర్త కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాత ఫైళ్ళను ఓ పక్కకు చేరుస్తుంటే ఒక పేరు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. అది కిందింటి పిన్ని పేరు.

కిందింటి పిన్ని ఎవరికీ నిజమైన పిన్ని కాదు. మెట్ల కింద వాటాలో ఒంటరిగా ఉంటుంది. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు పసిపిల్లల్ని ఆవిడ దగ్గర వదిలి వెళతారు. ఈయన చెల్లెలు కూడా తన కొడుకు గుండుగాణ్ణి రోజూ అక్కడే దింపుతుంది. వాడు అమ్మ అనడానికి ముందు 'పిన్నీ' అన్నాడని ఆ తల్లికి ఇప్పటికీ కాస్త కినుక.

ఆయన ఫైలు తెరిచాడు. దురుద్దేశంతో కాదు. తెలిసినవాళ్ళ పేరు కనబడితే ఆగి పలకరించే రకం ఆయన. కొన్నేళ్ళ కిందటి రిపోర్టు అది. పిన్ని అప్పటికి ఈ వీధిలోకి రానే లేదు. టైపు చేసిన ఇల్లాలికి ఆ పేరు వందల పేర్లలో ఒకటి. 'తగ్గని దగ్గు. క్షయ అని అనుమానం. పరీక్షలు చేయించాలి' అని ఉంది. ఆయన గుండెలో గుండుగాడు మెదిలాడు.

ఆ సాయంత్రమే చెల్లెలికి ఫోన్ చేశాడు. "ఊరికే చెబుతున్నానమ్మా. ఎవరితోనూ అనకు. మీ వదినతో కూడా. పిల్లాడి విషయంలో కాస్త జాగ్రత్త."

చెల్లెలు ఎవరితోనూ అనలేదు. కానీ మర్నాటి నుంచి పిల్లాణ్ణి దింపలేదు. ఎందుకని ఇంకో తల్లి అడిగితే, "ఏం లేదు… మీరు కూడా కాస్త చూసుకోండి" అంది. ఇలాంటి చోట చెప్పేసిన మాటకన్నా మింగేసిన మాట ఎక్కువ దూరం పోతుంది. వారం తిరక్కుండానే ముగ్గురు తల్లులు మానేశారు. పొద్దుట పిల్లల ఏడుపులతో, సాయంత్రం నవ్వులతో నిండే ఆ వాటా తలుపు దగ్గరగా వేసి ఉండసాగింది.

ఒకరోజు పిన్ని మెట్లెక్కి వచ్చింది. చేతిలో గుండుగాడి ఊలు టోపీ ఉంది. ఉతికి మడతపెట్టి తెచ్చింది.

"ఇది నా దగ్గరే ఉండిపోయిందమ్మాయ్. మీ ఆడపడుచుకి ఇవ్వు" అని, వెళ్ళబోయి ఆగింది. "ఒక్కమాట. నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా? పిల్లాడికి దెబ్బేమైనా తగిలిందా, నేను చూసుకోకుండా?"

"అయ్యో పిన్నీ, అలాంటిదేం లేదు. వాడికి జలుబు చేసిందట."

"జలుబు చేస్తే నా దగ్గరే కదమ్మా పడుకునేది. నా చీర కొంగుకే ముక్కు తుడుచుకునేవాడు వెధవ." ఆవిడ నవ్వబోయింది. రాలేదు. "మిగతావాళ్ళు కూడా రావడం లేదు. అడిగితే ఎవరూ చెప్పరు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు. ఇలాగే ఉంటే ఈ వాటా ఖాళీ చేసి ఎక్కడికైనా పోవాల్సిందే. పోనీలే, కారణం తెలిస్తే ఇంకోచోటైనా దిద్దుకుందామని."

ఇల్లాలికి నిజంగానే ఏమీ తెలియదు. పిన్ని వెళ్ళాక వెనక్కి తిరిగితే, భర్త నేల చూపులు చూస్తున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అబద్ధం ఆడినప్పుడల్లా చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు ఆడకుండానే ఎర్రబడ్డాయి.

"ఏం చేశారు?" అంది ఆవిడ.

ఆయన చెప్పాడు. ఆవిడ నిప్పులు చెరిగింది. "పరాయివాళ్ళ రిపోర్టు ఎలా చదివారండీ? చదివి ఊరుకున్నారా, ఫోన్ చేసి మరీ చెప్పారా?"

"పిల్లాడి మీద బెంగతోనే…" అన్నాడాయన.

పక్కనే కూర్చున్న అత్తగారు, "వాడు చేసింది తప్పే. వాణ్ణి నేను వెనకేసుకు రాను" అంది. "కానీ కోడలా, నాకో సంగతి అర్థం కాక అడుగుతున్నాను. నువ్వు డాక్టరుకి రాసిచ్చేశావుగా అది. ఇచ్చేసింది మనింట్లో ఎందుకుంది?"

ఇల్లాలి దగ్గర జవాబుంది. మాటలు పోల్చుకోవడానికి. డాక్టరు మళ్ళీ అడిగితే ఇవ్వడానికి. ఎప్పుడైనా పనికొస్తుందని. ఇన్నాళ్ళూ గట్టిగా ఉన్న ఆ జవాబు పైకి అనబోతే ఆవిడకే నీరుకారినట్టు వినిపించింది. భర్త తలుపు తీశాడు, నిజమే. కానీ తలుపు వెనక వస్తువు పెట్టిందీ, తాళం వేయనిదీ తను.

మర్నాడు ఆవిడ, ఆ రిపోర్టు చెప్పిన పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఏదీ దాచకుండా చెప్పింది. మళ్ళీ పని ఇవ్వరేమోనన్న భయం ఉన్నా చెప్పింది. చివర్న, "ఆ పరీక్షల్లో ఏం తేలింది డాక్టరుగారూ? లేదని తేలితే ఆ తల్లులకి చెబుతాను" అంది.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ రోజు మాత్రం ఒక్క మాట కూడా మీసాల్లో ఇంకిపోలేదు.

"అది నేను చెప్పకూడదమ్మా. ఆవిడ అనుమతి లేకుండా మీకే కాదు, ఎవరికీ చెప్పను. మీ దగ్గరున్నది అనుమానం రాసిన కాగితం. అనుమానం తీరిన కాగితం ఇంకెవరో టైపు చేసి ఉంటారు. సగం నిజం దగ్గర పెట్టుకుని మొత్తం మనిషిని కొలిచేశారు. చూడండి, రోగి వివరాలు ఏళ్ళ తరబడి భద్రపరచాల్సిన బాధ్యత ఆసుపత్రిది. రేపు ఆ రోగికి వైద్యం కావాలన్నా, తగువు వచ్చినా మేమే చూపించాలి. మీకా బాధ్యత లేదు. నేను రిపోర్టు సరిచూసి సంతకం పెట్టేదాకా, ఆ తర్వాత సందేహాలు అడగడానికి మనం అనుకున్న గడువు దాకా మీ దగ్గర ఉండాలి. గడువు దాటాక రికార్డూ ఉండకూడదు, రిపోర్టూ ఉండకూడదు. కంప్యూటర్ చెత్తబుట్టలోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ, మెయిల్లోనూ ఎక్కడా ఉండకూడదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ అన్నారు: "ఆ గడువేమిటో మీకు మొదటిరోజే రాసివ్వాల్సింది. ఇవ్వకపోవడం నా తప్పు."

"మరి మీ మాటలు నాకు అర్థం కాకపోతేనో?"

"మాటలు రాసి పెట్టుకోండి. మనుషుల్ని కాదు" అని ఆయన నవ్వారు. "అర్థం కాకపోతే ఫోన్ చేయండి. నా మాట మా ఆవిడకే అర్థం కాదు, మీరు మొహమాటపడకండి."

ఇక మిగిలింది కష్టమైన పని. భార్యాభర్తలిద్దరూ పిన్ని వాటాకు వెళ్ళారు. ఆయన క్షమించమని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆవిడ జరిగిందంతా చెప్పింది. కిటికీ కింద పిల్లల చాపలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి.

"అప్పుడు నేను పరుపుల దుకాణంలో పనిచేసేదాన్ని" అంది పిన్ని. "దూది దుమ్ము పడక దగ్గొచ్చేది. పరీక్షల్లో ఏమీ లేదన్నారు. ఆ పని మానేశాక దగ్గూ పోయింది. అందుకే పిల్లల్ని చూసుకునే పనిలోకొచ్చాను."

భర్త ఊపిరి పీల్చుకున్నాడు. అది పిన్ని చూసింది.

"అమ్మయ్య అనుకున్నావు కదూ, అబ్బాయ్? ఒకవేళ నిజంగానే వచ్చి, మందులు వాడి, నయమైపోయి ఉంటే? అప్పుడూ ఇలా వచ్చి నా చేతులు పట్టుకునేవాడివా?"

ఆయన మెల్లగా ఆవిడ చేతులు వదిలేశాడు.

"నాకు జబ్బుందని అనుకున్నందుకు కాదు బాధ" అంది పిన్ని. "అడిగితే చెప్పేదాన్ని కదా. డాక్టరుతో ఒక గదిలో చెప్పుకున్న మాట, నాకు తెలియకుండా నా నెత్తి మీది అంతస్తులో ఇన్నేళ్ళు కూర్చుందే! అదీ బాధ." ఆ పైన ఇల్లాలి మొహం చూసి మెత్తబడింది. "ఏడవకమ్మాయ్. ఏడిస్తే నేనే ఓదార్చాలి. పసిపిల్లలతో సరిపోతుంది నాకు."

సంగతి విన్న పూటే ఆడపడుచు బయల్దేరింది. దగ్గు ఊసూ, పరీక్షల ఊసూ ఎత్తకుండా, "నేను తెలియక అన్నాను, తప్పు నాది. మా వాణ్ణి రేపటి నుంచి పంపిస్తున్నాను" అని తల్లుల గుమ్మాలు ఎక్కి చెప్పింది. ఇద్దరు నమ్మారు. ఒకావిడ తలూపింది గాని, పిల్లను మాత్రం మళ్ళీ పంపలేదు. చెరిపేస్తే ఫైలు పోతుంది. చెవిలో పడ్డ మాటను చెరిపే మీట ఎవరి దగ్గరా లేదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. పిన్నిని కూడా పిలిచారు. "ఈసారికి వద్దులే, ఇంకోసారి వస్తా" అందావిడ. ఆ 'ఇంకోసారి' కోసం ఎదురుచూడాల్సిందేనని అందరికీ అర్థమైంది. ఆడపడుచు ఒళ్ళో గుండుగాడు ప్లేటులో చెయ్యిపెట్టి తినేదానికంటే ఎక్కువ పూసుకుంటున్నాడు.

ఇల్లాలు అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, తినడం మొదలుపెట్టకుండా అంది: "ఒక నిర్ణయం తీసుకున్నాను. అందరూ వినాలి."

"కూర ఇంతేనా, ఇంకా ఉందా అన్నది కూడా నిర్ణయంలో భాగమేనా?" అంది పిచ్చుక.

"నోర్మూసుకుని వినవే" అంది నాయనమ్మ.

"పాతవన్నీ నిన్నటితో పూర్తిగా చెరిపేశాను. ఏవేవి ఉండేవో, ఏవి చెరిపానో డాక్టర్లందరికీ రాసి పంపాను. ఇక మీదట సంతకం అయ్యాక నెల్లాళ్ళు. అదే మేం అనుకున్న గడువు. ఆ లోపల ఎవరైనా ఏదైనా అడిగితే దిద్దిస్తాను. అది దాటితే ఒక్క పూట కూడా ఉంచను. ఫైళ్ళకి పేర్లుండవు, అంకెలే ఉంటాయి. నా పని ఫైళ్ళకి పాస్‌వర్డ్ తాళం ఉంటుంది. ఆ తాళం ఈ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు."

"నాక్కూడా చెప్పవా?" అన్నాడు భర్త, అలవాటు కొద్దీ. అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. "వద్దు. చెప్పకు. నేనడిగినా చెప్పకు."

"వదినా, ఎప్పుడైనా పనికొస్తాయేమో, అన్నీ పోతే ఇబ్బంది కదూ?" అంది ఆడపడుచు మెల్లగా.

ఇల్లాలు తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆవిడ గొంతులో. తేల్చుకున్నవాళ్ళ నిదానం ఉంది.

"ఇబ్బంది పడతాను. పడాలి కూడా. ఒకరు డాక్టరుకి చెప్పుకున్న బాధ నా చేతికొచ్చేది రాసివ్వడానికే. రాసిచ్చి, సరిచూసుకోవడం అయిపోయాక దాన్ని ఒక్కరోజు ఎక్కువ ఉంచుకున్నా, అది నాది కాని దాన్ని నా దగ్గర పెట్టుకోవడమే."