రెండు ఎడమ రెక్కలు

బెల్టుకి ఎడమా కుడీ ఉండవు. నా కొంప ముంచింది అదే.

ఎనిమిది నెలలపాటు నేను బెల్టులు మాత్రమే చెక్కాను. అంతకుముందు పద్నాలుగేళ్లు అదే దుకాణంలో సూది పట్టాను. మా ఊళ్లో గుర్రపు జీన్లు చేసే దుకాణాలు ఆరున్నాయి. ఆరింటిలోనూ ఆడవాళ్లు కుడతారు, మగవాళ్లు తోలు మీద పూలు చెక్కుతారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారని అడిగితే ఒక్కరూ చెప్పలేరు, మార్చమంటే మాత్రం అందరూ లేచి నిలబడతారు. నాకు నలభయ్యొకటో ఏడు వచ్చిన రోజున మా దుకాణం మేస్త్రీ క్రెసెన్సియో ముందుకి వెళ్లి, నాకు చెక్కడం నేర్పమని అడిగాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇన్నేళ్లూ ఏం చేస్తున్నావే పిల్లా?"

"మీరే పిలుస్తారని చూస్తున్నా మేస్త్రీ గారూ."

"నేనెవర్నీ పిలవను."

"అది తెలియడానికే పద్నాలుగేళ్లు పట్టింది."

వెనక గదిలో రొట్టెలు కాలుస్తున్న చోనత్త పకపకా నవ్వింది. చోనత్త మేస్త్రీ చెల్లెలు. దుకాణానికి తాళం చెవులూ, వంటా, నోరూ అన్నీ ఆవిడవే. "ఒరే అన్నయ్యా, దొమితిలాకి కత్తి ఇవ్వకురా. దాని నోరే చాలు, తోలు దానంతటదే తెగుద్ది" అంది. ఆ మాటకి మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒక తోలు ముక్క, తడి స్పాంజీ నా చేతిలో పెట్టాడు.

మొదటి నెలంతా తడపడమే నేర్చుకున్నాను. తోలు మరీ తడిగా ఉంటే కత్తి గాటు మూసుకుపోతుంది. మరీ ఆరితే కత్తి మొరాయిస్తుంది. తడిపి పక్కన పెట్టాలి. అసలు రంగు మళ్లీ తిరిగి వస్తున్న సమయంలో చెంపకి ఆనించి చూడాలి. చల్లగా తగలాలి, తడి మాత్రం అంటకూడదు. రోజంతా చెంపకి ఆనించీ ఆనించీ నా ముఖం ఒక పక్క చెట్టు బెరడు రంగుకి తిరిగింది. సంతలో నన్నెరగనివాళ్లంతా మా ఆయన కొట్టాడనుకున్నారు. మా ఆయన పోయి అప్పటికే ఆరేళ్లు.

తర్వాత కత్తి. తోలు మందంలో సగమే దిగాలి, వంపు దగ్గర ఆగకూడదు. మేస్త్రీకి రెండు కళ్లకీ శుక్లాలు. అందుకని నా పనిని బొటనవేలితో తడిమి చూసేవాడు. "లోతు" అనేవాడు, లేకపోతే "పైపైనే" అనేవాడు. బాగుంటే ఏమీ అనేవాడు కాదు, ఇంకో బెల్టు ముందర పడేసేవాడు. ఎనిమిది నెలల్లో ఆయన నోట మంచి మాట ఒక్కటి వినలేదు. నాకెంత కడుపుమంటగా ఉండేదో చెప్పలేను.

జూలైలో ఎవారిస్తో గారు వచ్చాడు. ఊరికి ఉత్తరాన పశువుల కొట్టాలన్నీ ఆయనవే. మేస్త్రీకి బడి నాటి స్నేహితుడు. సెప్టెంబరు పద్నాలుగున జరిగే గుర్రపు రౌతుల ఊరేగింపులో ఈసారి అందరికంటే ముందు నడిచేది ఆయన గుర్రమే. దానికి కొత్త జీను కావాలన్నాడు. రెండు పక్కలా వేలాడే తోలు రెక్కల మీద నిండా తీగ, తీగ నిండా దాలియా పూలు ఉండాలన్నాడు.

ఆయన వెళ్లాక మేస్త్రీ నా వైపు తిరిగాడు.

"రెక్కలు రెండూ నువ్వే చెక్కు. బాగా వస్తే ఈ బల్ల సగం నీది. రాకపోతే నీ సూది ఎక్కడికీ పోలేదు, గోడకే ఉంది."

ఆ రోజు నేను అన్నం ముట్టలేదు, సంతోషంతో.

మా దుకాణంలో నమూనాలన్నీ పాత ఎక్స్‌రే ఫిల్ముల మీద ఉంటాయి. ఫిల్ము మీద తీగ గీసుకుని, తడి తోలు మీద పరిచి మొద్దు ములుకుతో గీతల వెంట నొక్కితే అచ్చు పడుతుంది. ఈ దాలియా తీగ గీసిన ఫిల్ము మేస్త్రీ సొంత ఛాతీది, దగ్గు పట్టుకున్నప్పుడు తీయించింది. పూల మధ్యన ఆయన పక్కటెముకలు మసగ్గా కనిపిస్తాయి. "తీగ గుర్రంతో పాటే ముందుకు నడవాలి, రెండు పక్కలా. తోక వైపు పోయే తీగ పారిపోయేవాడి జీను మీద ఉంటుంది. ఎడమ రెక్కకి ఫిల్ము ఇలా వెయ్. కుడి రెక్కకి తిరగేసి వెయ్. నా గుండె ఇటు నుంచి అటు మారాలి, తెలిసిందా?" అన్నాడు. తెలిసిందన్నాను. ఎందుకు తెలియదు, నేనేం చిన్నపిల్లనా.

ఎడమ రెక్క తొమ్మిది రోజులు పట్టింది. ఎండకి నల్లబడకుండా గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. మర్నాడు మేస్త్రీ ఒక కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికి పట్నం వెళ్లాడు, పది రోజుల దాకా రానన్నాడు. నేను కుడి రెక్క తడిపాను. సరిగ్గా చెంపకి ఆనించే వేళకి చోనత్త గుమ్మంలోకి వచ్చింది.

"ఏమే తిలా, బల్ల సగం వస్తే సగం జీతం నాకిస్తావా? వండి పెట్టేది నేనేగా?"

"మీరు వండేది తిని బతికున్నందుకు మీరే నాకివ్వాలి అత్తా."

"ఓయమ్మో! కత్తి పట్టాక సూదిలాంటి మాటలు మానేసి కత్తిలాంటివి మొదలెట్టావే!"

నేనూ ఊరుకోలేదు. అలా అరగంట నడిచింది. తిరిగి చూస్తే తోలు ఆరిపోతోంది. గబగబా ఫిల్ము పరిచి నొక్కేశాను. చెయ్యి అలవాటు కొద్దీ పరిచింది. ఎనిమిది నెలల బెల్టుల్లో ఏనాడూ ఫిల్ము తిరగేసింది లేదు.

ఆరు రోజుల్లో ముగించాను. అంత బాగా నేనెప్పుడూ చెక్కలేదు. ఆకు మలుపు దగ్గర కత్తి తనంతట తానే వాలిపోయేది. ఏడో రోజు ఉదయం పెట్టెలోంచి ఎడమ రెక్క తీసి, రెండింటినీ కొయ్య గుర్రం మీద చెరో పక్కా వేలాడదీశాను. ఎడమ పక్క నిలబడి చూసుకుని మురిసిపోయాను. చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చాను.

తీగ తోక వైపు పోతోంది.

అక్కడే కూలబడ్డాను. రెక్కల ఆకారం రెండు పక్కలా ఒకటే. ఎడమా కుడీ చెప్పేది తీగ ఒక్కటే. నేను చెక్కినవి రెండూ ఎడమవే. తోలు మీద గాటు పడ్డాక దేవుడు కూడా చెరపలేడు.

చోనత్త వచ్చి చూసింది. ఆవిడకి నోరు ఎంత పెద్దదో జాలి కూడా అంతే. నా పక్కన కూర్చుని గుసగుసగా, "నల్లరంగు కొట్టెయ్యవే. నల్లటి జీను మీద తీగ ఎటు పోతుందో ఎవడు చూస్తాడు? మా అన్నయ్య కంటికి గుడ్డ కట్టుకుని వస్తాడు, వాడికీ తెలీదు" అంది.

మా నల్లరంగంటే తుప్పు మేకులు నానేసిన పులుపు నీళ్లు. తోలుకి తగిలిన మరుక్షణం నలుపెక్కుతుంది. కుండ తెచ్చాను. కుంచె ముంచాను, గుడ్డకి ఒత్తాను. ఆ కుడి రెక్క మీద ఒక పువ్వు దగ్గరికి కుంచె తీసుకెళ్లాను. ఆ పువ్వు నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే మంచి వస్తువు. దాని మొహాన నలుపు కొట్టడానికి నాకు చేతులు రాలేదు. కుండకి మూత పెట్టేశాను.

శనివారం మధ్యాహ్నం బస్సులో మేస్త్రీ దిగాడు, కుడి కంటికి కట్టుతో. ఆయన కుర్చీలో కూర్చోకముందే చెప్పేశాను.

"మేస్త్రీ గారూ, రెండూ ఎడమవే చెక్కాను."

ఆయన రెక్కలు రెండూ బల్ల మీద పక్కపక్కన పరిపించి బొటనవేలితో మొదటి దాని మీద మొదలుపెట్టి చివరి ఆకు దాకా తడిమాడు. తర్వాత రెండోది. రెండో దాని మీద వేలు రెండుసార్లు తిరిగింది. "చోనా, అన్నం పెట్టు" అన్నాడు. నాగజెముడు కూర, చిక్కుడు గింజలతో నాలుగు రొట్టెలు నింపాదిగా తిన్నాడు. నేను గోడ దగ్గరికి పోయి నా సూది తీసుకుని, ఎవరిదో పగిలిన కళ్లెం ముందేసుకున్నాను. కన్నీళ్లకి కుట్టు కనబడలేదు. అవమానం కంటే కోపం ఎక్కువగా ఉంది, అదీ నా మీదే.

"అదెందుకు పట్టుకున్నావ్?" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"మీరే అన్నారుగా. బాగా రాకపోతే సూదేనని."

"తప్పు ఎక్కడ జరిగింది? చేతిలోనా, బుర్రలోనా?"

"బుర్రలో."

"మరి బుర్ర చేసిన దానికి చేతికెందుకే శిక్ష? రెండు ఎడమలున్నాయి. రెండు కుడులు చెక్కితే రెండు జీన్లవుతాయి. ఆ మాత్రం లెక్క రాదూ?"

ఆయన అటక మీదున్న పాత జీను కొయ్య చట్రం దింపమని చోనత్తకి పురమాయించి, నా వైపు వేలు చూపించాడు. "ఒక కుడిది నువ్వు చెక్కు. ఇంకోటి నేను చెక్కుతా. నీ చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టి చూద్దాం."

"మీ కన్ను?"

"డాక్టరు కోసింది కన్నేగా. వేలు నా దగ్గరే ఉంది."

ఫిల్ము మీద నేను ఇంత పెద్ద అక్షరాలతో 'కుడి' అని రాసుకున్నాను. చోనత్త చూసి, రొట్టెల పెనం మీద కూడా రాసిపెట్టమంది.

పన్నెండు రోజులు ఆయన పక్కన కూర్చుని చెక్కాను. పద్నాలుగేళ్లలో చూడనిది ఆ పన్నెండు రోజుల్లో చూశాను. వంపు దగ్గరికి రాగానే ఆయన ఊపిరి వదులుతాడు, వదులుతూనే కత్తి తిప్పుతాడు. నేనేమో ఊపిరి బిగబడతాను. వదిలి చూశాను. కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు.

రంగు వేయాల్సిన రోజున ఆయన చేతులెత్తేశాడు. "కట్టు విప్పిన కంటికి లోకమంతా నీలంగా కనబడుతోంది, రెండో కంటికి పచ్చగా. నన్నడక్కు." అక్రోటు తొక్కలు కాచిన కషాయాన్ని నాలుగు రెక్కలకీ ఒకే కుండలోంచి, ఒకే రోజు పెట్టాను. వేర్వేరు రోజుల్లో పెడితే రంగు కలవదు. కుంచెని గుడ్డ మీద దాదాపు ఆరిపోయేదాకా ఒత్తి, పూలని వదిలేసి వాటి వెనకున్న నేల మాత్రమే నింపాలి. కొంచెం తడి ఎక్కువైతే గాటు దాటి పువ్వులోకి పాకుతుంది. ఒక్కచోట కూడా పాకలేదు. ఆరాక నూనె రాస్తే పూలు తేనె రంగులో తేలి వచ్చాయి. మేస్త్రీ పదే పదే, "ఏ రంగులో ఉంది, చెప్పవే" అని అడిగాడు. చెప్పాను. విని తల ఊపాడు.

నా మొదటి ఎడమనీ నా కుడినీ ఒక జీనుకి బిగించాం. నా రెండో ఎడమనీ మేస్త్రీ కుడినీ రెండో దానికి. సెప్టెంబరు నాలుగున ఎవారిస్తో గారు వచ్చాడు. రెండు జీన్లు చూసి, "ఒకటే చెప్పానే!" అన్నాడు.

"నీకు నచ్చింది పట్టుకెళ్లు" అన్నాడు మేస్త్రీ. ఎవరు ఏది చెక్కారో చెప్పలేదు.

ఆయన రెండింటి చుట్టూ తిరిగాడు, గొంతుక్కూర్చున్నాడు, లేచాడు. చివరికి మేస్త్రీ చెక్కిన కుడి రెక్క మీద అరచెయ్యి వేశాడు. "ఇది నాది. రెండోదీ బాగానే ఉందోయ్. కానీ కుడి పక్కన తీగ కొంచెం భయం భయంగా నడుస్తోంది."

ఆయన అన్నది నిజమే. ఊపిరి బిగబట్టిన చోట్లన్నీ నాకు తెలుసు. ఎడమలు రెండింటికీ వంక పెట్టలేదన్న సంగతి కూడా ఆ క్షణాన నాకు తట్టలేదు. బల్ల పోయిందనుకున్నాను.

"రెండోది ఎవరికి మరి?" అని అడిగాడు ఎవారిస్తో గారు.

"నాకు. ఊరేగింపుకి నేనూ వస్తున్నా. గుర్రం నువ్వియ్యి."

"నువ్వా? గుర్రమెక్కి ఎన్నేళ్లయిందోయ్ నువ్వు?"

"తొమ్మిదేళ్లు."

"మరిప్పుడెందుకయ్యా, ఒక కన్నేసుకుని?"

"భయం భయంగా ఉందన్నావుగా. నలుగురిలో తిరిగితే పోతుంది."

పద్నాలుగో తారీఖున ఊరంతా వీధిలోనే ఉంది. బాకాలు ఊదుతున్నారు. ముందు ఎవారిస్తో గారు, ఆయన వెనక మూడో వరసలో మేస్త్రీ, పెద్ద టోపీ పెట్టుకుని నిటారుగా కూర్చుని వచ్చాడు. నేను ఎడమ పక్క నిలబడి చూశాను. తీగ ముందుకి నడుస్తోంది. గుర్రాల మధ్య నుంచి దూరి, తిట్లు తింటూ అవతలి పక్కకి పరిగెత్తాను. కుడి పక్క కూడా ముందుకే నడుస్తోంది. మిఠాయిలమ్మే ఆవిడ పక్కవాళ్లతో, "ఆ పూల జీను ఎవరిదే, ఎంత బాగుందో" అంటోంది. నేను చెక్కానని చెప్పబోయాను, ఈలోగా గుర్రం దగ్గరికి వచ్చేసింది.

మేస్త్రీ నన్ను చూసి గుర్రాన్ని ఆపాడు. వెనక వరసంతా ఆగిపోయి గోల పెడుతోంది.

"తిలా! సూది పనికి వేరే మనిషిని చూడమని చోనాకి చెప్పా. సోమవారం పొద్దున్నే వచ్చెయ్."

"బల్లకి ఏ పక్క కూర్చోమంటారు?" అని అరిచాను. ఇంకేం అడగాలో తెలియలేదు.

"కిటికీ పక్క నువ్వు కూర్చో. వెలుతురు నీకు కావాలి. నాకు వేలుంది."